తూకానికి భయపడి కాంటా ఎత్తేశారు

2025 యాసంగిలో మా ఊరి కొనుగోలు కేంద్రం దగ్గర జరిగిన సంగతి ఇది. ఒక రైతు 60 క్వింటాళ్ల వడ్లు కుప్ప పోశాడు. మిషన్ పెడితే తేమ 20 వచ్చింది. 17 ఉండాలి. ఇంకో రెండు రోజులు ఆరబోయి, లేదంటే క్వింటాలుకు 5 కిలోలు కోత ఒప్పుకో అన్నారు. మబ్బు పట్టి ఉంది, టార్పాలిన్లు లేవు. రైతు ఒప్పుకోబోయాడు.

నేను అక్కడే ఉన్నాను. పక్కన ఆ రైతు కొడుకు నిలబడ్డాడు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, కార్పొరేట్ కాలేజీ. వాడిని అడిగాను: "బిడ్డా, తేమ 20 నుంచి 17కు దిగితే క్వింటాలులో ఎన్ని కిలోలు తగ్గుతాయి?" వాడు ఫోన్ జేబులో పెట్టి ఆలోచించి "మూడు కిలోలు కదా మామా" అన్నాడు. కాదన్నాను. "ఇట్లాంటిది మా సిలబస్‌లో లేదు" అన్నాడు.

అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన, బడి మొహం చూడనివాడు, "మూడు దాటతది, నాలుగు లోపు" అన్నాడు. యాభై ఏళ్లు వడ్లు ఆరబోసిన చెయ్యి అది.

లెక్క చూడండి. 100 కిలోల్లో 20 కిలోలు నీళ్లు, 80 కిలోలు గింజ. ఆరినా గింజ 80 కిలోలే. కానీ అప్పుడు అది వందలో 83 పాళ్లు కావాలి. 80ని 83తో భాగించి వందతో గుణిస్తే 96 కిలోల 400 గ్రాములు. అంటే న్యాయంగా పోయేది మూడు కిలోల ఆరువందలు. వాళ్లు అడిగింది అయిదు. 60 క్వింటాళ్ల మీద 83 కిలోలు అదనం. సాధారణ రకానికి అప్పటి మద్దతు ధర 2,300 రూపాయల ప్రకారం 1,900 పైమాటే. కాగితం మీద వేసి చూపిస్తే కేంద్రం వాళ్లు కూడా కాదనలేకపోయారు.

ఆ పిల్లవాడు మొద్దు కాదు. పది నిమిషాల్లో తానే మళ్లీ వేసి సరిచూసుకున్నాడు. సమాకలనాలు చకచకా చేస్తాడు. ఇట్లాంటి ప్రశ్న వాడిని పన్నెండేళ్ల చదువులో ఎవరూ అడగలేదు, అంతే. తండ్రి వాడి ఫీజుకు ఏటా లక్షకు పైగా కడుతున్నాడు.

రైతు సంఘం పత్రికలో బడి లెక్కల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. మన అప్పుల్లో పిల్లల ఫీజుల వాటా ఎంతో ఎవరింటి లెక్క వాళ్లు చూసుకోండి, జవాబు దొరుకుతుంది.

ప్రపంచంలో పిల్లల లెక్కలు, సైన్సు చదువును దేశాల మధ్య పోల్చి చూసే పరీక్షలు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి టిమ్స్. 1995 నుంచి నాలుగేళ్లకోసారి నాలుగో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకు పెడతారు. రెండోది పీసా. ఓఇసిడి అనే సంస్థ 2000 సంవత్సరంలో మొదలుపెట్టింది. 15 ఏళ్ల పిల్లలకు చదవడం, లెక్కలు, సైన్సు మూడింటిలో పరీక్ష. 2022లో 81 దేశాలు, ప్రాంతాలు పాల్గొన్నాయి. దాదాపు 6 లక్షల 90 వేల మంది పిల్లలు రాశారు. లెక్కల్లో సింగపూర్ 575 పాయింట్లతో మొదటి స్థానం. ఓఇసిడి దేశాల సగటు 472. మన దేశం ఎక్కడుందని జాబితాలో వెతక్కండి. లేదు. పాల్గొంటేగా!

ఒకసారి పాల్గొన్నాం. 2009 పరీక్షకు కొనసాగింపుగా జరిగిన విడతలో తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ పిల్లలతో రాయించారు. చదువులో ముందున్న రాష్ట్రాలని పేరు కదా, పరువు నిలబెడతాయనుకున్నారేమో. లెక్కల్లో తమిళనాడుకు 351, హిమాచల్‌కు 338 వచ్చాయి. అదే ఏడు షాంఘై నగరానికి 600. మొత్తం 74 దేశాలు, ప్రాంతాల్లో మన రెండు రాష్ట్రాలకు దిగువన ఉన్నది కిర్గిజిస్తాన్ ఒక్కటే. సైన్సులో అయితే హిమాచల్ 325 పాయింట్లతో కిర్గిజిస్తాన్ కంటే కూడా కిందికి పోయింది.

ఈ ఫలితాలు 2011 డిసెంబరులో బయటికొచ్చాయి. మన ప్రభుత్వం చేసిన పనేమిటి? ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు, సంస్కృతికి సంబంధం లేనివని చెప్పి ఆ పరీక్షకే దండం పెట్టి బయటికొచ్చింది. తూకం తక్కువొచ్చిందని కాంటానే ఎత్తేసింది.

ఆ పరీక్షలో ఎలాంటి ప్రశ్నలుంటాయో ఒకటి చెప్తాను. 2012లో అడిగినది. జపాన్‌లో ఫ్యూజీ అనే కొండ ఉంది. ఎక్కే దారి సుమారు 9 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు గంటకు ఒకటిన్నర కిలోమీటర్, దిగేటప్పుడు దానికి రెట్టింపు వేగం. రాత్రి 8 గంటలకల్లా కిందికి రావాలంటే ఎంత ఆలస్యమైనా ఎన్నింటికి బయల్దేరాలి? ఎక్కడానికి ఆరు గంటలు, దిగడానికి మూడు, మొత్తం తొమ్మిది. పొద్దున 11 గంటలకు. సూత్రం లేదు, బట్టీ పట్టేది లేదు. ఫ్యూజీ మన పిల్లలకు తెలియదు, నిజమే. శ్రీశైలమనో యాదగిరిగుట్టనో రాసి ఇస్తే మన తొమ్మిదో తరగతిలో ఎంతమంది చేస్తారు? మీ ఊరి బడిలో అడిగి చూడండి. సంస్కృతి ఎంత అడ్డమొచ్చిందో అక్కడే తేలుతుంది.

ఇక మన సంఘంలోనే ఇంకో వాదన ఉంది. ఓఇసిడి అంటే ధనిక దేశాల క్లబ్బు, వాళ్ల కొలబద్దతో మనల్ని మనం కొలుచుకోవడమేమిటి అని. ఈ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ మనం రైతులం. కాంటా సేటుదైనా సరే, ముందు దాని ముల్లు చూస్తాం, రాళ్లు సరిచూస్తాం, ఆ తర్వాత తూకమేయిస్తాం. కాంటా సేటుదని సరుకు తూచకుండా ఇంటికి తెచ్చుకోం. కాబట్టి ఈ కాంటా ముల్లు చూద్దాం.

లోపం ఉంది. అది ప్రశ్నల్లో కంటే, ఎవరి పిల్లలను తూకానికి పెట్టారనే దగ్గరే ఎక్కువుంది.

షాంఘైకి 600 వచ్చాయన్నాను. షాంఘై అంటే చైనా కాదు. ఆ నగరంలో మేడలు కట్టింది, ఫ్యాక్టరీల్లో పనిచేసింది పల్లెల నుంచి వలసొచ్చిన రైతుబిడ్డలు. చైనాలో హుకౌ అనే పద్ధతి ఉంది. ఎవరి పేరు ఏ ఊళ్లో నమోదైతే వాళ్ల హక్కులు ఆ ఊళ్లోనే. వలస కూలీల పిల్లలు పెద్ద తరగతులకు వచ్చేసరికి చాలామంది సొంతూరికి తిరిగిపోవాల్సిందే. పైచదువుల పరీక్ష అక్కడే రాయాలి. పీసా రాసేది సరిగ్గా ఆ వయసులోనే. అంటే నగరాన్ని కట్టిన పల్లె వాళ్ల పిల్లలు ఆ 600లో సరిగా లెక్కకు రాలేదు. 2018లో కూడా చైనా పేరుతో రాసింది బీజింగ్, షాంఘై, జియాంగ్సు, జెజియాంగ్ మాత్రమే. అన్నీ డబ్బున్న ప్రాంతాలే.

మన వాళ్లు కూడా ఈ కిటుకు నేర్చుకున్నారు. 2019లో మళ్లీ పీసాలో చేరతామని ఒప్పందం చేసుకున్నప్పుడు ఎవరిని పంపుతామన్నారో గుర్తుందా? చండీగఢ్ బడులు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలు. నవోదయల్లో పల్లె పిల్లలే ఎక్కువ, కాదనను. కానీ వాళ్లు ప్రవేశ పరీక్షతో ఏరి తీసినవాళ్లు. కుప్పలో తాలు లేని వడ్లు దోసిట్లో పట్టుకొచ్చి ఇదే నా పంట అని చూపించడం లాంటిది. చివరికి కరోనాతో పరీక్ష 2022కు వాయిదా పడింది. అప్పుడు మనం అదీ రాయలేదు.

సగటు అంకె ఒక్కటి చూసినా మోసపోతాం. జిష్ణు దాస్, ట్రిస్టన్ జాయొంక్ అనే ఇద్దరు పరిశోధకులు టిమ్స్ ప్రశ్నలను ఒరిస్సా, రాజస్థాన్ హైస్కూల్ పిల్లలకిచ్చి చూశారు. లెక్కలున్న 51 దేశాల్లో 43 దేశాల కంటే మన రెండు రాష్ట్రాలు కిందున్నాయి. ఇది ఊహించిందే. ఇంకో సంగతి చెప్పారు. పైన ఉన్న పిల్లలకు, అడుగున ఉన్న పిల్లలకు మధ్య దూరం దక్షిణాఫ్రికా తర్వాత ఇక్కడే ఎక్కువ. ఈ రెండు రాష్ట్రాలనే దేశానికి నమూనాగా తీసుకుంటే, అమెరికాలో పదిమంది మెరికలుంటే మన దగ్గర నలుగురు ఉన్నట్టు. అమెరికాలో బాగా వెనకబడినవాళ్లు పదిమంది ఉంటే మన దగ్గర రెండు వందల మంది ఉన్నట్టు. 2024 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మన పిల్లలు నాలుగు బంగారు పతకాలు తెచ్చి నాలుగో స్థానంలో నిలిచారు. టీవీల్లో చూశాం, సంతోషించాం. ఆ రెండు వందల మందిని ఏ టీవీ చూపించదు. వాళ్లు మన ఇళ్లలో ఉన్నారు.

సింగపూర్‌తో పోలిక నాకు పెద్దగా పట్టదు. అది ఒక నగరమంత దేశం. మనం చూడాల్సింది వియత్నాంను. వరి పండించే దేశం. అమెరికా బాంబులతో గుల్లయిన దేశం. 2012లో మొదటిసారి పీసా రాసింది. లెక్కల్లో 511, సైన్సులో 528. అదే ఏడు అమెరికాకు లెక్కల్లో 481. ఇక్కడా ముల్లు చూడాలి. ఆ వయసు పిల్లల్లో 56 శాతం మందే ఆ లెక్కలోకి వచ్చారు. బడి మానేసినవాళ్లు రాలేదు. కాబట్టి ఆ అంకెను కొంత తగ్గించే చూద్దాం.

అయితే వియత్నాంతో మనకు ఇంకో నికరమైన పోలిక ఉంది. బడి బయట ఉన్నవాళ్లను కూడా వదలకుండా చేసినది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల 'యంగ్ లైవ్స్' అధ్యయనం. 2002 నుంచి నాలుగు దేశాల్లో పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసింది: ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం. మన దేశంలో ఎక్కడో కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. మహబూబ్‌నగర్, కరీంనగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల పిల్లలు అందులో ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి పరీక్షించారు. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త ఆ లెక్కలు విప్పి చూస్తే తేలిందేమిటి? అయిదేళ్ల వయసులో మన పిల్లలకు, వియత్నాం పిల్లలకు తేడా కొద్దిగానే ఉంది. బడిలో చేరాక ఏటేటా అది పెరిగిపోయింది. ఒక ఏడాది ప్రాథమిక చదువు వియత్నాం పిల్లవాడికి నేర్పేది ఎక్కువ, మన పిల్లవాడికి నేర్పేది తక్కువ.

ఒకటే రకం విత్తనం, మొలక శాతం దాదాపు ఒకటే. పైరు ఎదిగేటప్పుడు తేడా వచ్చిందంటే విత్తనాన్ని తిట్టే రైతు ఎవడైనా ఉంటాడా? నీళ్లు, ఎరువు, కలుపు చూస్తాడు. మన పెద్దలు మాత్రం పిల్లల్నే తిడతారు. "మా వాడికి లెక్కలు రావు" అని తల్లిదండ్రులం మనమూ అంటాం. నాకూ పదో తరగతి లెక్కల్లో వందకు 38 వచ్చాయి. ఇన్నేళ్లూ తప్పు నాదే అనుకున్నాను.

మరి బడిలో ఏం జరుగుతోంది? దేశంలో ఇప్పటికీ లక్షకు పైగా బడులు ఒకే టీచరుతో నడుస్తున్నాయి. అయిదు తరగతులు, ఒక మనిషి. ఎన్నికల డ్యూటీ, సర్వేలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ఆయనవే. అయిదో ఏట నుంచి ఎనిమిదో ఏట వరకు, సరిగ్గా తేడా పెరిగే ఆ మూడేళ్లు, పిల్లవాడు అక్కడే కూర్చుంటాడు. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 విద్యా విధానంలోనూ మళ్లీ అదే 6 శాతం రాసుకున్నారు. అంతవరకు ఎప్పుడూ పోలేదు.

ఆ ఖాళీలోకి ప్రైవేటు బస్సు వచ్చింది. పసుపు రంగు బస్సు ఊళ్లోకి రాగానే సర్కారు బడిలో పిల్లలు తగ్గారు, తగ్గారని టీచర్‌ను తీసేశారు, టీచర్ లేడని ఇంకొందరు పోయారు. ఇప్పుడు ఎకరం పత్తిలో మిగిలిందీ, మిగలందీ కూడా ఫీజుకే. పోనీ ఆ చదువైనా తేమ లెక్క చేయిస్తుందా అంటే మొదట చెప్పిందే మళ్లీ చూడండి.

2023లో అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను చూశారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతం. తీసివేతలు వచ్చినవాళ్లకే అప్పు తిరిగి కట్టే లెక్క ఇస్తే, సరిగా చేసింది పదిమందిలో ఒక్కరు. ఇది మనకు చదువు సమస్య మాత్రమేనా? 50 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడేళ్లు కట్టలేకపోతే, బారువడ్డీ అయితే మొత్తం 86 వేలు. ఏటేటా వడ్డీని అసలులో కలిపితే 95,331. ఆ తొమ్మిది వేల పైచిలుకు తేడా నోటు మీద ఎక్కడ దూరిందో చూడగలిగే పిల్ల ఇంట్లో ఉంటే, షావుకారు ముందు కూర్చున్న తండ్రి గొంతు వేరేగా ఉంటుంది.

కాబట్టి నా అభిప్రాయం: మన దేశం మళ్లీ ఈ పరీక్షల్లో పాల్గొనాలి. చివరి స్థానం వస్తే రానీ. కానీ ఏరిన బడులు కాదు, జిల్లా పరిషత్ హైస్కూళ్లు, ఆశ్రమ పాఠశాలలు, పల్లెల్లోని ప్రైవేటు బడులు అన్నీ చీటీ తీసినట్టు కలిపి పంపాలి. బడి మానేసి పత్తి ఏరడానికి పోయిన పిల్లలెందరో పక్కన వేరే అంకెగా రాయాలి. ఫలితం జిల్లాల వారీగా తెలుగులో అచ్చేయాలి. సంఘం డిమాండ్ల పత్రంలో మద్దతు ధర, రుణమాఫీ పక్కన ఇది కూడా చేరాలని జిల్లా కమిటీకి రాసి ఇచ్చాను. కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు తర్వాత వచ్చి తేమ లెక్క మళ్లీ చెప్పమన్నారు.

మా ఊరి హైస్కూల్ లెక్కల సారుకు కూడా ఆ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. వచ్చే కోతల లోపు తొమ్మిదో తరగతికి బోర్డు మీద వేస్తానన్నాడు. తేమ మిషన్ ఒక పూటకు బడికి తెచ్చే పని నాది.