పాత బ్రౌజర్లకు తలుపు తీయాలా?

అంతర్జాలంలోని సమాచారం పాఠకుని కంటికి నేరుగా చేరదు. వెబ్‌సైటు పంపేది కొన్ని గుర్తులతో కూడిన రాత మాత్రమే. ఆ గుర్తులను చదివి, ఇది శీర్షిక, ఇది బొమ్మ, ఇది పట్టిక అని గ్రహించి తెరపై అమర్చి చూపే సాధనమే బ్రౌజరు. ఒకే ఉత్తరాన్ని ఇద్దరు చదివితే ఉచ్చారణ వేరైనట్లు, ఒకే పుట రెండు బ్రౌజర్లలో రెండు విధాలుగా కనిపించవచ్చు. పాత బ్రౌజరైతే కొత్త గుర్తులను అసలే గ్రహించకపోవచ్చు. అందువల్ల వెబ్‌సైటు నిర్వాహకులకు తొలినాళ్ళ నుంచీ ఒక ప్రశ్న ఎదురవుతూనే ఉంది. కాలం చెల్లిన బ్రౌజరుతో వచ్చిన పాఠకుని కోసం అదనంగా శ్రమించాలా? లేక 'కొత్తది తెచ్చుకొని రండి' అని గుమ్మం నుంచే పంపివేయాలా?

సాంకేతిక నిపుణులలో పలువురు రెండో మార్గాన్నే సమర్థిస్తారు. వారి పక్షాన సాక్ష్యం చెప్పడానికి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఒక్కటి చాలు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు దీన్ని లోకానికి అందించింది. అప్పటికే ప్రత్యర్థి నెట్‌స్కేప్ చతికిలబడింది. పోటీ లేని చోట పురోగతి మందగించడం సహజం. తరువాతి వెర్షన్ రావడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో వెబ్ ప్రమాణాలు ముందుకు సాగిపోగా, కోట్లాది కంప్యూటర్లలోని ఆ బ్రౌజరు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. పుటను నియమాల ప్రకారం ఒకసారి తయారుచేయడం, తరువాత ఈ ఒక్క బ్రౌజరు కోసం మళ్ళీ సవరించడం రూపకర్తలకు నిత్యకృత్యమైంది. పారదర్శకంగా ఉండవలసిన పీఎన్‌జీ బొమ్మ వెనుక బూడిదరంగు పలక ప్రత్యక్షమయ్యేది. దాన్ని తొలగించడానికి పడిన పాట్లు ఆ తరం వెబ్ రూపకర్తలను అడిగితేనే తెలుస్తాయి. పెద్ద సంస్థలు ఈ ఖర్చును భరించగలవు. ఒక్కడే కూర్చొని ఊరి గ్రంథాలయానికో చిన్న పత్రికకో వెబ్‌సైటు నడిపే వ్యక్తికి అది తలకు మించిన భారం.

శ్రమ మాట అటుంచినా, భద్రతను విస్మరించడానికి వీలులేదు. 2010 జనవరిలో గూగుల్‌తో సహా పలు సంస్థలపై జరిగిన దాడికి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని ఒక లోపమే దారి చూపిందని వెల్లడైంది. జర్మనీ, ఫ్రాన్సు దేశాల ప్రభుత్వ భద్రతా విభాగాలు వేరే బ్రౌజరు వాడవలసిందని తమ ప్రజలకు సలహా ఇచ్చాయి. అదే ఏడాది మార్చిలో యూట్యూబ్ ఆరో వెర్షన్‌కు తన మద్దతును ఉపసంహరించుకుంది. 2011 మార్చిలో మైక్రోసాఫ్ట్ తానే ముందుకు వచ్చి, ఆ బ్రౌజరు వాడకాన్ని ప్రపంచమంతటా ఒక శాతం లోపుకు తగ్గించాలని ప్రచారం ప్రారంభించింది. కన్నతల్లే బిడ్డను వదిలించుకోమని ఊరందరినీ వేడుకున్న ఇటువంటి సందర్భం సాంకేతిక చరిత్రలో అరుదు.

ఇంత జరిగినా ఆ బ్రౌజరు ఎందుకు మిగిలింది? దీనికి జవాబు బ్రిటన్ ప్రభుత్వం మాటల్లో దొరుకుతుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఆరో వెర్షన్‌ను తొలగించవలసిందని 2010లో అక్కడి పౌరులు వినతిపత్రం సమర్పించారు. మార్పు సులభసాధ్యం కాదనీ, శాఖలు వాడుతున్న అనువర్తనాలన్నింటినీ కొత్త బ్రౌజరులో పరీక్షించడానికి నెలల కాలం, ప్రజాధనం ఖర్చవుతాయనీ ప్రభుత్వం బదులిచ్చింది. ఈ జవాబును చూసి నవ్వినవారు ఉన్నారు. కాని ఆ కార్యాలయాల్లోని చిన్న ఉద్యోగి స్థానంలో నిలబడి ఆలోచిస్తే నవ్వు రాదు. అతని బల్లమీది కంప్యూటరు అతనిది కాదు. కొత్త బ్రౌజరును చేర్చుకునే అధికారం అతనికి లేదు. 'మీ బ్రౌజరును నవీకరించుకోండి' అని తెరపై కనిపించే హితవు, గొళ్ళెం బయట వేసిన గదిలోని మనిషికి బయటికి వచ్చి గాలి పీల్చుకొమ్మని చెప్పడం వంటిది. అదే కాలంలో చైనాలో సుమారు మూడోవంతు వినియోగం ఆరో వెర్షన్‌దేనని మైక్రోసాఫ్ట్ లెక్కలే చెప్పాయి. అంతమందిని సోమరులని కొట్టిపారేయడం న్యాయం అనిపించుకోదు.

పాత బ్రౌజరుకు పాఠకుని కట్టిపడవేసినవారు కొన్నిచోట్ల వెబ్‌సైటు నిర్వాహకులే కావడం విశేషం. దక్షిణ కొరియా ఉదంతం ఇందుకు తార్కాణం. అక్కడ 1999లో ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం వచ్చింది. ఆనాటి బ్రౌజర్లలో లేని స్వదేశీ సంకేత పద్ధతిని వాడడానికి బ్యాంకులు, దుకాణాలు మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌ఎక్స్‌ను ఆశ్రయించాయి. ఫలితంగా ఇతర బ్రౌజర్లతో డబ్బు చెల్లించడమే దుర్లభమైంది. 2014లో ఒక కొరియా టీవీ ధారావాహికలో కథానాయిక ధరించిన కోటును కొనుక్కోవాలని చైనా ప్రేక్షకులు ఆశపడి, ఆ చిక్కుముడిని దాటలేకపోయారు. ఆ సంగతిని దేశాధ్యక్షురాలే స్వయంగా ప్రస్తావించవలసి వచ్చింది. ఆ ప్రత్యేక ధ్రువపత్రాల గుత్తాధిపత్యం 2020 డిసెంబరులో గాని తొలగలేదు. ఒక్క బ్రౌజరును నమ్ముకొని ఇల్లు కట్టినవారు, ఆ బ్రౌజరు పాతబడినప్పుడు అందులో చిక్కుకున్నవారిని నిందించే అర్హతను కోల్పోతారు.

అలాగని ప్రతి పాత బ్రౌజరులోనూ ప్రతి పుటా ఒకేలా కనిపించాలని పట్టుబట్టడం అవివేకం. చదవగలగడం వేరు, ఒకేలా కనిపించడం వేరు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే ఈ చర్చలో రెండు పక్షాలూ అనవసరంగా కలహిస్తున్నాయి. వెబ్ పుట్టుకలోనే దీనికి పరిష్కారం ఉంది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు, అక్కడ ఒకదానితో ఒకటి పొసగని రకరకాల కంప్యూటర్లుండేవి. అన్నింటిలోనూ ఒకే సమాచారం చదవగలగాలన్నది ఆయన ఆశయం. అందుకే హెచ్‌టీఎంఎల్‌లో ఒక ఉదారమైన నియమం ఉంది. తనకు తెలియని గుర్తు ఎదురైతే బ్రౌజరు ఆగిపోదు. గుర్తును దాటవేసి, దాని నడుమనున్న మాటలను చూపుతుంది. విస్తరిలో ముందు అన్నం, పప్పు వడ్డించి తరువాత పిండివంటలు వడ్డించినట్లు, వెబ్‌సైటు కూడా ముందు సమాచారాన్ని సాదాగా అందించి, అరిగించుకోగల బ్రౌజర్లకు మాత్రమే హంగులను చేర్చవచ్చు. రూపకర్తలు 2003 నుంచి దీన్ని 'ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్' అని పిలుస్తున్నారు. నేటి వెబ్‌సైట్లలో అనేకం ఇందుకు విరుద్ధంగా, పిండివంట తినలేనివానికి అన్నం కూడా పెట్టకుండా, ఖాళీ తెరను చూపిస్తున్నాయి. నాలుగు వాక్యాల ప్రకటన చదవడానికి సైతం సరికొత్త బ్రౌజరును కోరే పుటలను సమర్థించడం కష్టం.

ఈ బాధ్యత అందరికీ సమానమని చెప్పలేము. చలనచిత్రాలు చూపే వాణిజ్య సంస్థ పాత బ్రౌజరును నిరాకరిస్తే పాఠకుడు మరో చోటికి వెళతాడు. పరీక్షా ఫలితాలు, పింఛను, రేషను కార్డు, భూమి పత్రాల వంటి వాటికి మరో చోటు ఉండదు. కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైటు నిర్వాహకుడు దుకాణదారుని కంటే ఎక్కువ ఓర్పు వహించాలి.

ఈ ఓర్పుకు ఒక్కచోట హద్దు గీయక తప్పదు. పాఠకునికి, వెబ్‌సైటుకు మధ్య సాగే మాటలు ఇతరుల చెవిన పడకుండా కాపాడే రహస్య సంకేత పద్ధతి విషయంలో పాతవారి కోసం రాజీపడితే కొత్తవారికీ ముప్పు వస్తుంది. 1996 నాటి ఎస్ఎస్ఎల్ 3.0 పద్ధతిని అనేక వెబ్‌సైట్లు ప్రధానంగా ఆరో వెర్షన్ కోసమే అట్టిపెట్టుకున్నాయి. కొత్త బ్రౌజర్లను సైతం మాయచేసి ఆ పాత పద్ధతిలోకి దించి, రహస్యాలను రాబట్టవచ్చని 2014 అక్టోబరులో గూగుల్ పరిశోధకులు నిరూపించారు. 'పూడుల్' అని పేరుపొందిన ఈ దాడి తరువాత వెబ్‌సైట్లు ఆ తలుపును మూసివేశాయి. ఆ నిర్ణయం ముమ్మాటికీ సరైనదే.

తెలుగు పాఠకులకు ఈ సమస్య కొత్తది కాదు. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటును వారే వాడేవి. ఒక పత్రికలో 'అ' అక్షరానికి ఉన్న సంఖ్య మరో పత్రికలో వేరొక అక్షరానికి ఉండేది. ఫాంటును తనంతట తానే దించుకొనే సౌకర్యం కొన్నిచోట్ల ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేసేది. తక్కిన బ్రౌజర్లలో వార్తకు బదులు అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస కనిపించేది. ఫైర్‌ఫాక్స్ వాడేవారు 'పద్మ' అనే ఉపకరణాన్ని చేర్చుకొని, ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చుకొని చదివేవారు. మరి పత్రికలు వెంటనే యూనికోడ్‌కు ఎందుకు మారలేదు? విండోస్ 98తో నడిచే ఇంటర్‌నెట్ కేంద్రాల్లో యూనికోడ్ తెలుగు సరిగా కనిపించేది కాదు, అక్షరాల చోట చదరపు గళ్ళు వచ్చేవి. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, అమరికలు మార్చితే తప్ప తెలుగు కుదురుగా రాని సందర్భాలుండేవి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాటి పాఠకుని దృష్టిలో ఉంచుకొంటే ఆ జాగ్రత్తను తప్పుపట్టలేము. కాని కంప్యూటర్లు మారిన తరువాత కూడా పాత ఫాంటును పట్టుకు వేలాడిన చోట్ల నష్టం పెద్దదే. ఆ సంచికల్లోని మాట శోధనయంత్రాలకు చిక్కలేదు. ఫాంటు మాయమైతే వార్త కూడా చదవరానిదైపోయింది. పాత బ్రౌజరుకు మద్దతు ఇవ్వడమంటే పాత పద్ధతిలోనే రాస్తూ పోవడమని పొరబడితే ఇటువంటి ఫలితమే వస్తుంది.

మద్దతును విరమించవలసి వచ్చినప్పుడు కూడా వ్యవధి ఇవ్వడం మర్యాద. 2020 మార్చిలో ఫైర్‌ఫాక్స్ పాత సంకేత పద్ధతులను నిలిపివేసింది. కొవిడ్ సమాచారం అందించే కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు ఆ పాత పద్ధతుల మీదనే నడుస్తున్నాయని గమనించి, వెంటనే ఆ మార్పును వెనక్కు తీసుకుంది. ఇక్కడ కొత్త బ్రౌజరే పాత వెబ్‌సైటు కోసం ఆగింది. కొద్ది నెలల తరువాతనే మళ్ళీ అమలు చేసింది. వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థకు కూడా అటువంటి సంకటమే ఎదురైంది. దాని పత్రాలకు ఆధారమైన పాత మూలపత్రం గడువు 2021 సెప్టెంబరు 30న ముగియవలసి ఉండేది. కొత్త మూలపత్రం 7.1.1కు ముందటి ఆండ్రాయిడ్ ఫోన్లకు తెలియదు. అటువంటి ఫోన్లు అప్పట్లో 33.8 శాతం ఉన్నాయని 2020 నవంబరులో సంస్థ ప్రకటించింది. ఇంట్లో పెద్దలు వాడి పిల్లలకిచ్చిన ఫోన్లు, చవకగా కొన్న ఫోన్లు ఆ లెక్కలోనివే. సొంత మూలపత్రాలుండే ఫైర్‌ఫాక్స్‌ను ఆ ఫోన్లలో వాడవలసిందని సంస్థ మొదట సూచించింది. అంతటితో చేతులు దులుపుకోలేదు. గడువు తీరిన మూలపత్రాన్ని కూడా ఆండ్రాయిడ్ నమ్ముతూనే ఉంటుందన్న సంగతిని ఆధారం చేసుకొని, పాత మూలపత్రం సంతకంతోనే మరో ఏర్పాటు చేసింది. అది 2024 సెప్టెంబరు వరకు నడిచింది. ఆ మూడేళ్ళలో ఆ ఫోన్లలో అధికభాగం పాడయ్యో, మార్పిడయ్యో వాడుక నుంచి వాటంతటవే తప్పుకున్నాయి.