తీరగ్రామాల దంపతులకు రైలు చవకే – టిక్కెట్టు చేతికందితే

తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం – నెల్లూరు జిల్లా సముద్రతీరాన ఉన్న ఈ పల్లెల్లో అరవై దాటిన దంపతులు చాలామందికి ఒక కోరిక మిగిలి ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒక్కసారి కాశీకి పోయి గంగలో మునిగి రావాలన్నదే ఆ కోరిక. పిల్లల పెళ్లిళ్లు, పడవల అప్పులు, తుపాను నష్టాలు దాటుకొని వచ్చేసరికి కాళ్లలో సత్తువ తగ్గుతుంది. కాబట్టి ఓపిక ఉన్న నాలుగేళ్లలోనే ఆ ముచ్చట తీరాలి. రైలు చార్జీ ఒక్కటే అడ్డమైతే అది తీరని కోరిక కాదు. అసలు అడ్డం వేరే చోట ఉంది. చవక టిక్కెట్టు ఉన్నది నిజమే గాని, అది ఎప్పుడు, ఎక్కడ, ఏ తీరున కొనాలో తెలిసినవాడికే దక్కుతున్నది. తెలియనివాడు అదే ప్రయాణానికి ఎక్కువ డబ్బు పోసి, తక్కువ సుఖంతో వెళ్తున్నాడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి కాశీ చూచి తిరిగి రావడానికి 15 నెలలు పట్టింది. అప్పటికి రైలు లేదు. ఆ తరువాత తీరప్రాంతం వారికి చాలాకాలం బకింగ్‌హాం కాలువలో పడవలే పెద్ద ప్రయాణ సాధనం. 1899లో విజయవాడ – మద్రాసు రైలుమార్గం పూర్తి అయ్యాక సముద్రానికి సమాంతరంగా రైలు వచ్చింది. నేడు కాశీ ప్రయాణం రెండు రోజుల లోపు మాట. అయితే ఆ రైలు పల్లెల పక్కన పోదు, పది మొదలు ముప్ఫయి కిలోమీటర్ల లోపలికి ఉన్న ఊళ్ల మీదుగా పోతుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో షెడ్డుతో వెలిగిన బిట్రగుంట వైభవం ఆ ఇంజన్లతోనే పోయింది. దూరప్రయాణపు బండ్లకు నేడు నెల్లూరు, గూడూరు, కొంతవరకు కావలి మాత్రమే దిక్కు.

ఖర్చు ఎంత?

నెల్లూరు నుంచి కాశీకి విజయవాడ, బల్లార్షా, నాగపూర్, ఇటార్సీ, జబల్పూర్, ప్రయాగ మీదుగా సుమారు రెండు వేల కిలోమీటర్లు. స్లీపరు తరగతిలో మనిషికి ఎనిమిది వందల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. ఇద్దరికి రానుపోను మూడు వేల పైచిలుకు. రెండు రాత్రులు పడుకొని పోయే ప్రయాణానికి ఇంతకన్నా చవక మార్గం మరొకటి లేదు.

2025లో చార్జీలు రెండుసార్లు పెరిగాయి. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో ఏసీ లేని తరగతులకు జూలై 1 నుంచి కిలోమీటరుకు ఒక పైసా, డిసెంబరు 26 నుంచి మరి రెండు పైసలు పెంచారు. రెండు వేల కిలోమీటర్లకు లెక్క వేస్తే ఇది మనిషికి 60 రూపాయలు. ఈ పెంపు గురించి గగ్గోలు పెట్టిన వారు అసలు దెబ్బను మరచిపోయారు. 2020 మార్చి 20 వరకు అరవై నిండిన మగవారికి చార్జీలో 40 శాతం, 58 నిండిన ఆడవారికి 50 శాతం తగ్గింపు ఉండేది. కరోనా పేరుతో దాన్ని ఆపారు. కరోనా పోయింది, తగ్గింపు మాత్రం తిరిగి రాలేదు. కాశీకి పోయి వచ్చే ముసలి దంపతులకు ఈ ఒక్క కారణంగా వెయ్యి రూపాయలకు పైగా అదనపు భారం పడుతున్నది. 60 రూపాయల పెంపు ఎక్కడ, ఈ వెయ్యి ఎక్కడ!

ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇస్తూనే ఉన్నామని రైల్వే శాఖ సమాధానం చెబుతున్నది. ఆ రాయితీ సంపాదించేవాడికీ సంపాదన ఉడిగినవాడికీ ఒక్కటే. వృద్ధాప్యానికి ప్రత్యేకంగా ఇచ్చిన ఆసరా అందులో లేదు. పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘం కూడా కనీసం స్లీపరు, థర్డ్ ఏసీ తరగతుల్లోనైనా వృద్ధుల తగ్గింపును పునరుద్ధరించే విషయం పరిశీలించాలని సిఫారసు చేసింది. ఏసీ తరగతుల మాట అటుంచినా, స్లీపరులో పోయే పేద వృద్ధుల విషయంలో ఈ మొండితనం తగదు.

అరవై రోజుల లెక్క

ఇక టిక్కెట్టు సంగతి. తూర్పు తీరంలో యంత్రపు పడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మత్స్యకార కుటుంబాలకు తీరిక దొరికేది ఆ 61 రోజులే. ప్రభుత్వం ఇచ్చే వేట విరామ భృతి కూడా అప్పుడే చేతికి వస్తుంది. 2025లో అది కుటుంబానికి 20,000 రూపాయలు. «ఏమయ్యా, ఈ వేట సెలవల్లోనన్నా కాశీ చూపిస్తావా, ఈ యేడూ మాటలేనా?» అని ఇంటావిడ అడిగేది అప్పుడే. అయితే భృతి వచ్చాక స్టేషనుకు పోతే బెర్తు ఉండదు. పిల్లల వేసవి సెలవల రద్దీ అంతా ఆ రోజుల్లోనే.

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. ప్రయాణపు రోజు ఈ లెక్కలోకి రాదు. అంటే ఏప్రిల్ 16న బయలుదేరే వారికి, లీపు సంవత్సరం కాకపోతే, ఫిబ్రవరి 15 ఉదయం 8 గంటలకు రిజర్వేషను మొదలవుతుంది. పది రోజుల తరువాత ఏప్రిల్ 26న తిరుగు ప్రయాణమైతే దాని టిక్కెట్టు ఫిబ్రవరి 25న గాని దొరకదు. తీరగ్రామంలోని మనిషి రెండుసార్లు పని మానుకొని, రెండుసార్లు బస్సు చార్జీ పెట్టుకొని, పొద్దున 8 గంటలకల్లా స్టేషనులో ఉండాలన్న మాట. తిరుగు టిక్కెట్టు కాశీలో కొనుక్కోవచ్చులే అనుకోవడం పెద్ద పొరపాటు. ఏ కంప్యూటరు కౌంటరులోనైనా ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా టిక్కెట్టు ఇస్తారు. వెనకటిలాగా తంతి పంపి కోటా కోసం ఎదురుచూడనక్కర లేదు.

మరో కిటుకు ఉంది. అరవై రోజుల లెక్క బండి మొదట బయలుదేరే స్టేషను తేదీని బట్టి ఉంటుంది. ముందురోజు బయలుదేరి మరునాడు మన ఊరు చేరే బండి అయితే రిజర్వేషను ఒకరోజు ముందే తెరుచుకుంటుంది. అది తెలియని వాడు ఒకరోజు ఆలస్యంగా పోయి వెయిటింగ్ లిస్టులో పడతాడు. చెన్నై నుంచి ఛప్రా పోయే గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ వంటి కాశీ బండ్లు రోజూ ఉండవు, వారంలో కొన్ని రోజులే. ఒక తేదీ తప్పితే మళ్లీ అన్ని రోజులు ఆగాలి.

మధ్య స్టేషన్లకు కేటాయించే బెర్తులు కొద్ది. నెల్లూరు నుంచి బెర్తు లేనప్పుడు అదే బండిలో చెన్నై నుంచి ఉండవచ్చు. అటువంటప్పుడు చెన్నై నుంచి టిక్కెట్టు తీసుకొని, ఎక్కే స్టేషనును నెల్లూరుగా మార్పించుకోవచ్చు. బండి నెల్లూరులో ఆగేదై ఉండాలి, మార్పు గడువులోగా చేయించాలి. దూరం పెరిగే కొద్దీ కిలోమీటరు రేటు తగ్గుతుంది కనుక అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం.

ఇద్దరికీ కింది బెర్తులు

ముసలివారికి టిక్కెట్టు దొరికితే చాలదు, కింది బెర్తు దొరకాలి. అరవై నిండిన మగవారికి, 45 నిండిన ఆడవారికి ప్రతి స్లీపరు పెట్టెలో కొన్ని కింది బెర్తులు ప్రత్యేకంగా కేటాయించారు. అయితే ఈ కోటాకు ఒక షరతు ఉంది. అర్హులైనవారు ఒంటరిగా గాని, అటువంటివారు ఇద్దరు ఒకే టిక్కెట్టు మీద గాని ప్రయాణం చేస్తేనే అది వర్తిస్తుంది. తోడుగా వచ్చే కొడుకును అదే టిక్కెట్టులో చేరిస్తే కోటా పోతుంది. భార్యకు 45 దాటినా భర్తకు 60 నిండకపోతే ఆ ఇద్దరి టిక్కెట్టుకూ అది అందదు. కాబట్టి కొడుకో కూతురో తోడు వెళ్లేటప్పుడు తల్లిదండ్రులకు ఒక టిక్కెట్టు, తోడు వెళ్లేవారికి వేరొక టిక్కెట్టు తీసుకోవడం మేలు. ఈ చిన్న సంగతి తెలియక మోకాళ్ల నొప్పులతో పై బెర్తు ఎక్కలేక, ఎదుటివారిని బతిమాలుకుంటున్న వృద్ధులు ప్రతి బండిలోనూ కనిపిస్తారు.

కాశీతో పాటు ప్రయాగ, గయ, పూరీ కూడా చూడదలచిన వారికి సర్క్యులర్ టిక్కెట్టు ఉంది. బయలుదేరిన స్టేషనుకే తిరిగి వచ్చేట్టు, వెళ్లిన దారి గాక వేరే దారిన యాత్ర అంతటికీ ఒకే టిక్కెట్టు ఇస్తారు. మధ్యలో ఎనిమిది చోట్ల వరకు దిగవచ్చు. ముక్కలు ముక్కలుగా కొనేదానికన్నా ఇది చవక. అయితే ఇది ఇంటర్నెట్టులో దొరకదు. స్టేషనులో ముందుగా దరఖాస్తు చేసుకోవాలి, ఆ తరువాత ఒక్కొక్క బండికి బెర్తులు విడిగా రిజర్వు చేయించుకోవాలి. ఈ సదుపాయం ఉన్నదని తెలియజెప్పే బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

తత్కాల్‌ను నమ్ముకుంటే

ముందుగా కొనలేనివారికి తత్కాల్ ఒక్కటే దారి. స్లీపరులో మనిషికి వంద నుంచి రెండు వందల రూపాయలు అదనం, కింది బెర్తు కోటా లేదు, ఖాయమైన టిక్కెట్టు రద్దు చేసుకుంటే డబ్బు రాదు. 2025 జూలై నుంచి ఇంటర్నెట్టులో ఆధార్ సరిచూడనిదే తత్కాల్ టిక్కెట్టు ఇవ్వడం లేదు. కౌంటరులో కూడా ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పాలి. దళారుల ఆట కట్టించడానికి తెచ్చిన ఈ పద్ధతి మంచిదే. కాని ఆధార్‌కు పాత ఫోను నంబరు ఉండిపోయిన ముసలివాడికి ఇంటర్నెట్టులో ఆ టిక్కెట్టు దొరకదు. యాత్ర తలపెట్టగానే ముందు ఆ నంబరు సరిచేయించుకోవాలి.

వెయిటింగ్ లిస్టు టిక్కెట్టుతో స్లీపరు పెట్టె ఎక్కవచ్చునన్న పాత ధీమా ఇక పనికిరాదు. 2025 మే 1 నుంచి అటువంటివారిని జనరల్ పెట్టెకు పంపుతున్నారు. ఆర్ఏసీ అయితే ఫరవాలేదు. దంపతులిద్దరికీ కలిపి పక్క కింది బెర్తు ఇస్తే ఒకరు నడుము వాల్చి, ఒకరు కూర్చొని సర్దుకోవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది టిక్కెట్టు తెచ్చిపెడతామనే వారి విషయంలో. అనుమతి ఉన్న ఏజెంటు స్లీపరు టిక్కెట్టుకు 20 రూపాయలు, ఏసీ టిక్కెట్టుకు 40 రూపాయలు రుసుము తీసుకోవచ్చు. ఆపైన బ్యాంకు, ఇంటర్నెట్టు సేవల చార్జీలు కొద్ది. వందలు అడిగేవాడు, తన సొంత ఖాతాలో టిక్కెట్టు తీసి అమ్మేవాడు 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరస్థుడు. అటువంటి టిక్కెట్టు పట్టుబడి రద్దయితే నష్టపోయేది ప్రయాణికుడే.

చేయవలసిందేమిటి?

ఇంత లెక్క తెలిసి ఉంటే గాని ఇద్దరు ముసలివారు చవకగా కాశీకి పోలేరంటే, అది వారి అజ్ఞానం అనడం న్యాయం కాదు. ఇంట్లో కంప్యూటరు ఉన్న పట్టణవాసికి ఉదయం 8 గంటలకు మంచం మీదే టిక్కెట్టు దొరుకుతున్నది. అదే సమయానికి తీరగ్రామస్థుడు ఇంకా బస్సులోనే ఉంటాడు.

కొన్ని తపాలా కార్యాలయాల్లో రైల్వే రిజర్వేషను కౌంటర్లు పెట్టే పద్ధతి దేశంలో ఏనాడో వచ్చింది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వంటి తీరమండలాల కేంద్రాలకు ఆ సదుపాయం విస్తరింపజేయాలి. గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. రిజర్వేషను తెరుచుకునే తేదీలు, కింది బెర్తు షరతు, సర్క్యులర్ టిక్కెట్టు వివరాలు తెలుగులో గోడమీద అంటించి, అడిగినవారికి చెప్పే పని వారికి అప్పగించవచ్చు. వేట విరామ భృతి జాబితాలు తయారుచేసే అధికారులే ఫిబ్రవరిలో ఈ కబురు కూడా పల్లెలకు చేరవేస్తే ఎంతో మేలు.

2023 మార్చిలో సికింద్రాబాదు నుంచి పూరీ, కాశీ, అయోధ్యలకు బయలుదేరిన భారత్ గౌరవ్ యాత్రా రైలు విజయవాడ నుంచి విశాఖ వైపు సాగిపోయింది. నెల్లూరువారు దాన్ని అందుకోవాలంటే విజయవాడ పోవాలి. ఇటువంటి బండి ఏడాదికి ఒకటైనా వేట నిషేధపు రోజుల్లో గూడూరులో బయలుదేరి నెల్లూరు, కావలి మీదుగా పోయేట్టు చూడాలి. వీటన్నిటికంటే ముందు స్లీపరు తరగతిలో వృద్ధుల తగ్గింపును పునరుద్ధరించాలి. జిల్లా నుంచి ఎన్నికైన పార్లమెంటు సభ్యులు ఈ ఒక్క విషయం మీద గట్టిగా అడగవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఈ నిర్ణయాలు వచ్చేదాకా తీరగ్రామాల దంపతులు చేయగలిగింది ఒకటుంది. సంక్రాంతి వెళ్లగానే తేదీ అనుకోవాలి, ఆధార్‌లో ఫోను నంబరు చూసుకోవాలి, ఫిబ్రవరిలో రెండు ఉదయాలు స్టేషనుకు కేటాయించాలి. మూడు వేల రూపాయల ప్రయాణం మూడు వేలకే పూర్తి కావాలంటే ప్రస్తుతానికి ఇంతకు మించిన మార్గం లేదు.