ఎడారికి తగిన పటము

1979లో అమెరికాలోని ఎస్.పి.ఐ. అను సంస్థ వెలువరించిన ‘ది క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా’ అను యుద్ధక్రీడకు పటము రమారమి పది అడుగుల పొడవు గలది. పక్షమునకు ఐదుగురు చొప్పున పదిమంది దానిచుట్టును చేరి, సుమారు 1,600 అట్టబిళ్లలను జరుపుచు, వేయి గంటలకు పైగా శ్రమించినగాని ఆట ముగియదని ప్రతీతి. వినినవారికి నవ్వు వచ్చుట సహజమే. అయినను దాని కర్తయగు రిచర్డ్ బెర్గ్ చాదస్తమును ఎంత పరిహసించినను, ఆ పటముయొక్క వైశాల్యమును మాత్రము నేను సమర్థింపక తప్పదు.

ఈ క్రీడకు వస్తువైన రెండవ ప్రపంచయుద్ధ ఘట్టము, అనగా 1940 మొదలు 1943 వరకు లిబియా, ఈజిప్టు ఎడారులలో నడచిన సమరము, దూరముతోడి సమరము. జర్మను సేనాని రోమెల్ తూర్పునకు చొచ్చుకొనిపోయిన కొలది, తన సరకులు దిగు ట్రిపోలీ రేవు వెనుకబడుచుండెను. అచ్చటినుండి బయలుదేరిన లారీలు తాము మోయు పెట్రోలులో గొప్ప భాగమును త్రోవలో తామే త్రాగివేయుచుండెను. 1942 జూనులో టోబ్రూకును గెలిచిన ఆ సేన అలెగ్జాండ్రియాకు నూరు కిలోమీటర్ల చేరువనున్న ఎల్ అలమీను కడ నిలిచిపోవుటకు ఎదిరియగు ఆంగ్లేయ సేనల బలమెంత కారణమో, వెనుకనున్న ఆ సుదీర్ఘమగు బాటయు అంత కారణము. జానెడు పటముమీద ఈ సంగతి కన్నులకు కట్టదు. పది అడుగుల పటమున నొకచివర ముందడుగు వేసినవాడు, రెండవ చివరనుండి తన పెట్రోలు వచ్చి చేరుటకై వంతులకొలది వేచియుండవలెను.

అందుచేతనే ఈ క్రీడలో పక్షమునకొక సర్వసేనాని, ఒక ముందుశ్రేణి నాయకుడు, ఒక వాయుసేనాధిపతి, వెనుకతట్టును కాచువాడొకడుగాక, సరఫరాలకే ప్రత్యేకముగా నింకొకడు ఉండును. పెట్రోలు ఎండకు ఆవిరియైపోవును గనుక ప్రతి వంతునను కొంత కొట్టివేయవలెను. ఆంగ్లేయుల పాత్రలు నాసివగుటచే వారికి నష్టమధికము. ఇటలీ పటాలములకు సేమియాజాతి పాస్తా ఉడికించుకొనుటకు అదనముగా నీరీయవలెనను నియమము జగత్ప్రసిద్ధము; అది పరిహాసముగా పెట్టినదే యైనను, ఎడారిలో నీటిని మించిన ఆయుధము లేదను సత్యము దానియందు కలదు. నిజయుద్ధమున ఆ నీటికై శ్రమించినవారిలో మనవారును కలరు: 1940 డిసెంబరులో ఈజిప్టునందలి సిదీ బర్రానీ కడ పోరిన 4వ భారత పదాతి విభాగమువెంట మద్రాసు సాపర్ల దళమును ఉండెను. మన తెలుగు జిల్లాలనుండి తరతరములుగా యువకులు చేరుచు వచ్చిన ఆ పటాలమువారి వృత్తి బాటలు వేయుట, నీరు సమకూర్చుట, మందుపాతరలు ఏరుట. విజయగాథలలో వారి పేళ్లు కానరావు.

నేడు ఎక్కడ యుద్ధము రేగినను టెలివిజనువారు అరచేతియంత పటముమీద ఎర్రబాణములను దూకించి, రాత్రికి రాత్రి రాజధానులను పట్టించుచున్నారు. ఆ బాణముల వెంట లారీ యొక్కటియు నడువదు. చరిత్ర బోధించు మన కళాశాలలు ఇట్టి పెద్దపటము నొకదానిని నేలమీద పరచి, విద్యార్థులను పక్షములుగా కూర్చుండబెట్టిన బాగుండునని నా యభిప్రాయము. వేయి గంటలు అక్కరలేదు, ఒక్క మధ్యాహ్నము చాలును. బెర్గ్ నియమములలో ముప్పాతిక తీసివేసినను నష్టము లేదు గాని, నీటిలెక్కను మాత్రము ఉంచవలెను, ఆ లెక్క వ్రాయు పనిని తరగతిలో ముందుగా దండయాత్రకు తొందరపడు కుర్రవానికే అప్పగింపవలెను.