సేనాపతి కుమారుడు, శ్రామికుల సేన

సైన్యమున అధికారము నెరపినవారు రాజకీయములలో ప్రవేశించుట లోకమునకు క్రొత్త కాదు. యుద్ధమున గడించిన కీర్తిని వోట్లుగా మార్చుకొని మంత్రిపదవుల నలంకరించినవారు అనేక దేశములందు కలరు. వారిని గూర్చి వ్రాయుటకు చరిత్రకారులు చాలినంతమంది ఉన్నారు. కాని సైనికాధికారి యొకడు ఉద్యోగమును వదలుకొని, కూలివారి సంఘము వాకిట నిలిచి, చినిగిన బట్టలవారికి కవాతు నేర్పి, వారి పక్షమున లాఠీ దెబ్బలు తిని చెరసాలకు పోవుట అరుదు. అట్టి యొక్కని వృత్తాంతమును నేడు మన పాఠకుల యెదుట నుంచుచున్నాము. అతడు ఐర్లండు దేశపు కెప్టెను జాక్ వైటు. అతని జీవితమున జయముకంటె భంగపాటే యెక్కువ. అయినను బయటినుండి వచ్చి కార్మికులకు నాయకత్వము వహింపగోరువారు తెలిసికొనదగిన విషయము అందు కలదు.

అతని తండ్రి సర్ జార్జి వైటు మన దేశమునకు అపరిచితుడు కాడు. ఆఫ్ఘను యుద్ధమున విక్టోరియా క్రాసును పొందినవాడు. 1893 మొదలు 1898 వరకు హిందూదేశమునందలి బ్రిటిషు సైన్యములకు సర్వసేనాధిపతి. పిమ్మట దక్షిణాఫ్రికాలో బోయరులు లేడీస్మిత్ పట్టణమును 118 దినములు ముట్టడించినప్పుడు లొంగక నిలిచినవాడు ఆయనయే. ఆ ముట్టడిని విడిపింపబోయిన సేనవెంట గాయపడినవారిని మోసిన భారతీయుల దళమును గాంధీ నడిపెనన్న సంగతి మన పాఠకులలో పలువు రెరుగుదురు. తరువాత జిబ్రాల్టరు గవర్నరు. 1903లో ఫీల్డు మార్షలు. సామ్రాజ్యమనెడి మేడను మోసిన స్తంభములలో ఆయన యొకటి.

ఆ స్తంభము ప్రక్కన మొలచిన మొక్క మాత్రము వేరు జాతిది. 1879లో పుట్టిన జాక్, శాండ్‌హర్స్టు సైనిక విద్యాలయమున చదివి, గార్డన్ హైలాండర్ల దళమున చేరి, తండ్రి పోరాడిన యుద్ధముననే తానును పోరాడి డి.ఎస్.ఓ. పతకమును పొందెను. ఆ యుద్ధమునందే అతని మనసు విరిగెనని చెప్పుదురు. భయముతో వణకుచు దాగిన పదునేడేండ్ల కుర్రవానిని కాల్చివేయుమని ఒక అధికారి కేకవేయగా, అట్లు చేసినచో నిన్నే కాల్చెదనని వైటు అతనిపై పిస్తోలు నెత్తెనని ఒక కథ ప్రచారమున నున్నది. కథ యెట్టిదైనను ఫలితము ప్రత్యక్షము. జిబ్రాల్టరులో తండ్రివద్ద ఏ.డి.సి.గా కొంతకాలముండి, పిమ్మట అతడు సైన్యమునకు రాజీనామా నిచ్చెను. టాల్‌స్టాయి బోధలయం దాసక్తి పుట్టి, ఇంగ్లండున టాల్‌స్టాయి అనుయాయులు నెలకొల్పిన వైట్‌వే గ్రామమున నివసించెను. ఫీల్డు మార్షలు కుమారుడు పార చేతబట్టిన విచిత్రమును ఆనాటి దొరల సమాజము ఎట్లు చూచియుండునో ఊహింపవచ్చును.

ఐర్లండునకు స్వపరిపాలన వలదని అల్‌స్టరు ప్రొటెస్టెంటులను కార్సను కూడగట్టుచున్న కాలమది. వైటు వంశము ప్రొటెస్టెంటు వంశమే. అయినను అతడు రోజరు కేస్‌మెంటు మున్నగువారితో కలిసి 1913 అక్టోబరు 24వ తేదీన బాలిమనీ పట్టణమున సభ జరిపి, ప్రొటెస్టెంటులందరును కార్సను వెంట లేరని చాటెను. అక్కడనుండి అతడు డబ్లిను నగరమున ప్రవేశించెను. అతని జీవితమున ముఖ్యఘట్టము అచ్చటనే జరిగినది.

అప్పటి డబ్లినులో జరుగుచున్నది సాధారణమైన సమ్మె కాదు. జేమ్సు లార్కిను 1909లో స్థాపించిన ఐరిషు రవాణా, సాధారణ కార్మిక సంఘమును రూపుమాపవలెనని ట్రాము కంపెనీకిని వార్తాపత్రికలకును అధిపతియైన విలియం మార్టిను మర్ఫీ పూనుకొనెను. ఆ సంఘమున చేరబోమని వ్రాతమూలకముగా ఒప్పుకొననివారికి పని లేదని సుమారు 400 మంది యజమానులు నిశ్చయించిరి. 1913 ఆగస్టు 26న ట్రాము కార్మికులతో ఆరంభమైన పోరాటమున క్రమముగా 20,000 మంది వాకిటికి తరుమబడిరి. ఆగస్టు 31న శాక్‌విలు వీధిలో గుమిగూడిన జనులపై పోలీసులు విరుచుకొనిపడి వందలకొలది తలలు పగులగొట్టిరి. రెండు దినములకే చర్చి వీధిలో కూలివారుండు పాత మేడలు కూలి ఏడుగురు మరణించిరి. ఆకలి ఒక ప్రక్క, లాఠీ యొక ప్రక్క, పై కప్పు మరియొక ప్రక్క. ఇట్టి నగరమును వైటు కన్నులార చూచెను.

చూచి అతడు చెప్పిన సలహా సైనికుడు మాత్రమే చెప్పదగినది. ఉపన్యాసములిచ్చువారికి ఆ నగరమున కొదువ లేదు. లాఠీ పైకి లేచినప్పుడు చెదరి పరుగెత్తని వరుస యొకటి కావలెనని అతడు కనిపెట్టెను. కార్మికులే తమ రక్షణకై ఒక దళము కావలెనని అతడు చెప్పగా, కానలీ, లార్కిను దానిని ఆమోదించిరి. 1913 నవంబరులో ఐరిషు సిటిజను ఆర్మీ, అనగా పౌర సేన, పుట్టెను. దానికి వైటు ఇచ్చిన మొదటి విరాళము 50 పౌనులు. అది తుపాకులకు కాదు, బూట్లకు! ఈ చిన్న సంగతిని మేము పెద్దదిగా నెంచుచున్నాము. కాలికి జోడు లేనివాడు చలికాలమున రాళ్లబాటపై కవాతు చేయలేడు. పోరాడువాని పాదమును ముందుగా చూడవలెనని తెలిసినవాడే నిజమైన సైనికాధికారి. మన నాయకులలో పలువురు జెండా రంగును గూర్చి తర్కించినంతకాలము అనుచరుల పాదములను గూర్చి తర్కింపరు.

నగరము వెలుపల సంఘము అద్దెకు తీసికొనిన క్రాయిడను పార్కు తోటలో కవాతు జరిగెను. చేతులలో హర్లింగు ఆట కర్రలు, చీపురు కర్రలు. రాజు సైన్యమున కవాతు చేయించునది సిపాయి ఎదురు ప్రశ్న వేయకుండుటకు. ఇచ్చట దాని ప్రయోజనము వేరు. ప్రక్కవాడు పారిపోడన్న నమ్మకమే ధైర్యమునకు మూలము. ఆ నమ్మకము భుజమునకు భుజము కలిపి నడచుటవలన కలుగును గాని తీర్మానములవలన కలుగదు. ఈ వరుసలు వెంట నడచినప్పుడు ఊరేగింపులపై పడుటకు పోలీసులు మునుపటివలె సాహసింపరైరి. వైటు కార్మికుల కిచ్చిన దానము ఇది. దీనిని తక్కువ చేయువారితో మేము ఏకీభవింపము.

ఇక కథలో రెండవ ప్రక్క. 1914 ఆరంభమున పోరాటము సడలెను. ఇంగ్లండునందలి సంఘములు సహాయముగా సమ్మె చేయ నిరాకరించెను. ఆకలిచే అలసినవారు ఒక్కొక్కరుగా పనిలోనికి పోయిరి. సేనయు పలుచబడెను. మార్చి నెలలో దానిని మరల కట్టుదిట్టము చేసి, నిబంధనలు వ్రాసి, వైటును అధ్యక్షునిగాను, తరువాత నాటకకర్తగా ప్రఖ్యాతినొందిన షాను ఓకేసీని కార్యదర్శిగాను ఎన్నుకొనిరి. ఐర్లండు భూమియు సంపదయు ఐర్లండు ప్రజలవే యనునది అందు మొదటి సూత్రము. ఆ నెలలోనే నిరుద్యోగుల ఊరేగింపును నడపుచు వైటు పోలీసులచేత తల పగులగొట్టించుకొని అరెస్టయ్యెను. అధ్యక్షుడు దెబ్బలు తినుటకు వెనుదీయలేదు. కాని రెండు నెలలు తిరుగకముందే పదవిని వదలి వెడలిపోయెను.

కారణమేమి? అతని కోపస్వభావమని కొందరందురు. అది కొంత నిజమే. రేవులో పగలంతయు మూటలు మోసినవాడు సాయంకాలము కవాతునకు రాకపోవచ్చును. సైన్యమున అట్టివానిని శిక్షింతురు. సంఘమున వానిని బ్రతిమాలవలెను, వాని యింటికి పోయి పిల్లల క్షేమ మడుగవలెను. ఆజ్ఞ యిచ్చుటకు అలవాటుపడిన కంఠమునకు బ్రతిమాలుట నేర్పుట కష్టము. కాని అంతకంటె లోతైన భేద మొకటి యుండెను. అప్పుడే యేర్పడిన ఐరిషు వాలంటీర్ల జాతీయ దళముతో పౌర సేన కలిసి నడువవలెనని వైటు కోరెను. సేనాపతి దృష్టిలో రెండు దళములు ఒకే శత్రువు నెదుర్కొనుచున్నప్పుడు వేరుగా నుండుట అవివేకము. కార్మికుల దృష్టిలోనో, తమను వాకిటికి తరిమిన యజమానుల పక్షమువారు ఆ వాలంటీర్లలో కలరు. జాతీయపక్షమువారమైన మేము ఈ మాట చెప్పుట అవసరము: ఆ విషయమున కార్మికుల శంకయే న్యాయమైనది. నిన్న మన పొట్టకొట్టినవాడు నేడు జెండా పట్టినంతమాత్రమున అన్నదమ్ముడు కాడు. ముందు నిన్నటి లెక్క తీర్చవలెను.

లార్కిను అమెరికాకు పోయిన పిమ్మట ఆ సేన కానలీ చేతికి వచ్చెను. కానలీయు యౌవనమున బ్రిటిషు సైన్యమున పనిచేసెనని చరిత్రకారులు చెప్పుదురు. అయితే అధికారిగా కాదు, సామాన్య సిపాయిగా. ఆజ్ఞ యిచ్చుటకంటె ఆజ్ఞను మోయుట ఎట్లుండునో అతడెరుగును. వైటు చేతిలో నిలువని సేన కానలీ చేతిలో నిలిచెను. 1916 ఏప్రిలులో రెండువందల పైచిలుకు మంది అతని వెంట డబ్లిను తిరుగుబాటున పాల్గొనిరి. అదియు వాలంటీర్లతో కలిసియే! వైటు కోరిన కలయిక కార్మికులు తమ సంఘమును, తమ నాయకుని, తమ జెండాను విడువకయే సాధించిరి.

తిరుగుబాటు అణగిన పిమ్మట కానలీకి మరణదండన విధింపబడెను. అప్పుడు వైటు చేసిన పని అతని జీవితమునకెల్ల వన్నె తెచ్చినది. అతడు దక్షిణ వేల్సునకు పరుగెత్తి, కానలీ ప్రాణమును కాపాడుటకు సమ్మె చేయుడని గని కార్మికులను వేడెను. బ్రిటిషు నౌకాదళము వేల్సు బొగ్గుపై నడచుచున్న యుద్ధకాలమున ఈ ప్రయత్నము ఎట్టిదో ప్రభుత్వము వెంటనే గ్రహించి అతనికి మూడు నెలల ఖైదు విధించెను. గనులు ఆగలేదు, మే 12న గాయములతో నిలువలేని కానలీని కుర్చీకి కట్టి కాల్చిరి. వైటును తరువాత పెంటన్‌విలు చెరసాలకు మార్చిరి. ఆగస్టు 3న, బాలిమనీ సభలో అతనితో కలిసి నిలిచిన కేస్‌మెంటును ఆ చెరసాలలోనే ఉరితీసిరి.

ఈ సంవత్సరములలో డబ్లినున న్యాయశాస్త్రము చదువుచున్న తెలుగు యువకు డొకడు కలడు. బరంపురమునుండి 1913లో పోయిన వరాహగిరి వేంకటగిరి తిరుగుబాటు తరువాత 1916లో ఆ దేశమును విడువవలసివచ్చెను. ఐర్లండు కార్మికోద్యమము తనకు దారి చూపెనని ఆయన దాచలేదు. తిరిగివచ్చి బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సంఘమున జీవితము గడపెను. 1927లో ఖరగ్‌పూరు పోరాటమును నడపెను. ఆయనయు బయటివాడే, బారిస్టరే. కాని కార్మికుల నడుమ దశాబ్దములు నిలిచెను. కేంద్ర కార్మికమంత్రియై యుండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినప్పుడు 1954లో పదవిని వదలెను. వైటు సంఘ పదవిని వదలెను, గిరి ప్రభుత్వ పదవిని వదలెను. రెండు రాజీనామాలకును గల తారతమ్యమును పాఠకులే తూచుకొందురు గాక.

బయటి నాయకుని ప్రశ్న మన దేశమున చట్టములకు సయిత మెక్కినది. 1926 నాటి ట్రేడు యూనియను చట్టము కార్యవర్గమున సగమువరకు బయటివారి నంగీకరించెను; 2001 సవరణ ఆ వంతును మూడవ పాలికి, ఐదుగురికి మించకుండ, తగ్గించెను. అంకెలు చట్టము నిర్ణయింపవచ్చును. కాని వచ్చినవాడు తనకు తెలిసిన విద్యను అప్పగించునా, లేక తన పెత్తనమునుగూడ వెంట తెచ్చునా యన్నది ఏ చట్టమును కొలువజాలదు. వైటు రెంటిని తెచ్చెను. కార్మికులు మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని త్రిప్పి పంపిరి. వారి వివేకమునకు మేము నమస్కరించుచున్నాము.

తరువాతి ముప్పది యేండ్లను అతడు ఏ పక్షమునను ఇమడక గడపెను. 1930లో ప్రకటించిన స్వీయచరిత్రకు ఇమడనివాడు అను అర్థము వచ్చు పేరే పెట్టుకొనెను. 1931లో బెల్‌ఫాస్టు నిరుద్యోగుల పక్షమున నిలిచి మరల జైలునకు పోయెను. యాబదియేడవ యేట స్పెయిను అంతర్యుద్ధమునకు పోయి, అచ్చట కార్మికులు నాయకులు లేకయే కర్మాగారములను నడపుట చూచి, అరాజకవాదియై తిరిగివచ్చెను. ఒకప్పుడు క్రాయిడను పార్కులో ఆజ్ఞలు కేకవేసినవాడు ఆజ్ఞయే వలదను సిద్ధాంతమున చేరెను. 1946లో మరణించిన అతనిని ఆంట్రిము జిల్లా బ్రౌషేను గ్రామమున, వంశీయుల సమాధులనడుమ పూడ్చిరి. అతడు వ్రాసి యుంచిన కాగితములను కుటుంబమువారు తగులబెట్టిరని చెప్పుదురు.