వోల్టు తెలిసిన చాలునా?

మన ఉన్నత పాఠశాలలలో ఓము నియమమును ఒప్పజెప్పలేని విద్యార్థి అరుదు. కాని నమూనా విమానపు ఇంజనును నడుపగోరు బాలుని పిలిచి, దానిని ప్రారంభించుటకు ఎట్టి బాటరీ కావలెనని అడిగినచో, "ఒకటిన్నర వోల్టుది" అని మాత్రము చెప్పి ఊరకుండును. ఆ ఉత్తరము తప్పు కాదు; అయినను సగము మాత్రమే. మిగిలిన సగమును నేర్పకయే బాలుర చేతికి ఇంజను నిచ్చుట ఉచితము కాదని మా అభిప్రాయము. నేషనల్ కేడెట్ కోర్ వైమానిక శాఖలో నమూనా విమానముల శిక్షణ కలదు గనుక, ఈ విషయము మన విద్యార్థులకు దూరమైనది కాదు.

ఈ చిన్న ఇంజనులలో పెక్కింటికి కారు ఇంజనునకు వలె నిప్పురవ్వను పుట్టించు సాధనము లేదు. పూర్వము వీనికిని స్పార్కు ప్లగ్గు, తీగచుట్ట, కండెన్సరు, బాటరీ ఉండెడివి. ఆ బరువునంతయు విమానమే మోయవలసివచ్చెడిది. 1947వ సంవత్సరమున అమెరికా దేశమునందు రే ఆర్డెన్ అను నతడు గ్లో ప్లగ్గును విక్రయమునకు తెచ్చుటతో ఆ భారము తొలగెను. ఈ ప్లగ్గులో ప్లాటినము కలిసిన లోహపు సన్నని తీగచుట్ట ఒకటి ఉండును. ప్రారంభమున బాటరీ ఆ తీగను ఎఱ్ఱగా కాల్చును. ఇంజను నడువనారంభించిన పిమ్మట బాటరీని తీసివేసినను తీగ చల్లారదు. ఇంధనములో ముఖ్యభాగమైన మిథనాలు ఆవిరి తాకినపుడు ప్లాటినము ఉత్ప్రేరకముగా పనిచేయుటవలన వేడి పుట్టును; సంపీడనమువలనను, దహనమువలనను కలుగు వేడి దానికి తోడగును. వేడెక్కిన ప్లాటినపు తీగ మండెడు వాయువులలో జ్వాల లేకయే వెలుగుచుండుటను సర్ హంఫ్రీ డేవీ 1817లోనే కనుగొనెను. ఇంధనమునందు కందెనగా కృత్రిమపు నూనెను గాని, మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల మెట్టపొలములలో పండెడి ఆముదమును గాని కలుపుదురు.

ఇక లెక్కకు వత్తము. ప్లగ్గులలో భేదములున్నను, సాధారణముగా 1.5 వోల్టుల వద్ద సుమారు 3 ఆంపియర్ల ప్రవాహము పాఱునని అనుకొందము. అనగా వేడెక్కిన తీగ నిరోధము అర ఓము; అది గ్రహించు శక్తి 4.5 వాట్లు. ఇపుడు గోడగడియారములో వేయు పెన్సిలు బాటరీ నొకదానిని తీసికొనుడు. దానిమీదను 1.5 వోల్టులనియే వ్రాసియుండును. దాని లోపలి నిరోధము పావు ఓము అనుకొనినచో, మొత్తము నిరోధము ముప్పాతిక ఓము. ప్రవాహము 2 ఆంపియర్లు. ప్లగ్గునకు దక్కునది 1 వోల్టు మాత్రమే. శక్తి 2 వాట్లకు పడిపోవును. బాటరీ వాడిన కొలది లోపలి నిరోధము పెరుగును; తీగ మసకబారును. బాలుడు ప్రొపెల్లరును నూరుమార్లు త్రిప్పినను ఇంజను లేవదు. ప్లగ్గును తొలగించి వోల్టుమీటరు పెట్టి చూచినచో, బాటరీ బాగుగనే ఉన్నదని అది సాక్ష్యము చెప్పును. అది అబద్ధసాక్ష్యము కాదు. భారము మోయని వేళ చెప్పిన సాక్ష్యము.

ఇంతకంటె చిత్రమైన విషయము మరియొకటి కలదు. మంచి నిక్కెలు మెటల్ హైడ్రైడు బాటరీమీద 1.2 వోల్టులనియే వ్రాసియుండును. అయినను దాని లోపలి నిరోధము మిక్కిలి స్వల్పమగుటచే, పై పెన్సిలు బాటరీకంటె అది ప్లగ్గునకు ఎక్కువ ప్రవాహము నిచ్చును. పైన వ్రాసిన సంఖ్యను మాత్రమే చదువువానికి ఈ రహస్యము బోధపడదు.

ఒక బాటరీ చాలనపుడు రెండింటిని కలుపుదమని తలచుట సహజము. రెండు పెద్ద బాటరీలను శ్రేణిలో కలిపినచో 3 వోల్టులగును, వేడి ఇబ్బడి కాదు, నాలుగింతలగును, తీగ తెగిపోవును. సమాంతరముగా కలిపినచో వోల్టులు పెరుగవు. ప్రవాహభారమును రెండును పంచుకొనును. మోటారుబండి 12 వోల్టుల బాటరీని సూటిగా తగిలించినచో తీగ తత్క్షణమే కాలిపోవును. నడుమ 3.5 ఓముల నిరోధమును పెట్టినచో ప్లగ్గు బ్రతుకును గాని, వ్యయమగు 36 వాట్లలో 31.5 వాట్లు ఆ నిరోధమునందే వేడియై పోవును. ప్లగ్గునకు చేరునది ఎనిమిదింట నొకపాలు. శ్రేణి, సమాంతరము, అంతర్నిరోధము అను మూడు పాఠములకు ఇంతకంటె మంచి ప్రయోగము దొరకుట కష్టము.

కొందఱు ఇట్లు ఆక్షేపింపవచ్చును: "ఇపుడు విద్యుత్ మోటారుతో ఎగురు నమూనాలు సులభముగా దొరకుచున్నవి. అవి శుభ్రమైనవి, చప్పుడు తక్కువ. ఈ నూనె మరకల ఇంజనులేల?" ఈ మాటలో నిజము లేకపోలేదు. తొలిసారి విమానము నెగురవేయువానికి మోటారే మేలు. కాని రసాయనశాస్త్రమును, విద్యుచ్ఛాస్త్రమును ఒకే బల్లమీద చూపు వస్తువు పాఠశాలలో నుండగా దానిని బీరువాలో పెట్టి తాళము వేయుట వివేకము కాదు. మరికొందఱు, అంగడిలో సిద్ధముగా దొరకు సాధనమును కొనిన చాలునందురు. కొనుడు, మేము వలదనము. అయితే దానిలోపల నున్నది ఏమో, అది ఎంతసేపు పనిచేయునో విద్యార్థి చెప్పగలిగిన పిదపనే దానిని వానికి ఇయ్యుడు. 2 ఆంపియరు గంటల బాటరీ 3 ఆంపియర్ల చొప్పున 40 నిమిషములకు మించి ఈయదని లెక్కకట్టుట ఎనిమిదవ తరగతివానికిని సాధ్యమే.

కావున మేము కోరునది ఇది. మొదటి దినమున ఇంజనును ముట్టరాదు. ప్లగ్గును విడిగా బల్లమీద బిగించి, ఆమ్మీటరుతో ప్రవాహమును కొలిచి, తీగ నారింజవన్నెకు వచ్చుటను ప్రతి బాలుడును, ప్రతి బాలికయు స్వయముగా చూడవలెను. బాటరీని ముందునాడే పూర్తిగా ఛార్జి చేయవలెను. సిద్దెలలో నూనె తీసికొనిపోని కన్యకల కథ మన విద్యార్థులెరుగనిది కాదు. మైదానమునకు పోయిన పిమ్మట, బాటరీ తగిలించియున్నంతసేపు ఇంజను నిలిచియున్నను తిరుగుచున్నదియే అని భావింపవలెను. వ్రేలితో గాక కఱ్ఱతోనే ప్రొపెల్లరును త్రిప్పవలెను. ఇంజను లేచిన పిదప బాటరీ పట్టును వెనుకవైపునుండియే తీయవలెను. మిథనాలు విషము, కన్నులను పోగొట్టగలదు. దాని మంట పగటివెలుగులో కంటికి దాదాపు కానరాదు. ఈ మాటలను ఒకమారు చెప్పి ఊరకుండక, ఉపాధ్యాయుడు ప్రతిసారియు దగ్గర నిలువవలెను.

ప్లగ్గు కాలిపోయినపుడు దాని వెలను విద్యార్థి నుండి రాబట్టవలెనను మాట అచ్చటచ్చట వినబడుచుండును. కూలిచేసి బిడ్డను చదివించు తండ్రికి ఆ వెల స్వల్పము కాదు. ఏ బాటరీ తగునో నేర్పిన తరువాత అజాగ్రత్తచే కాల్చినచో మందలింపవచ్చును. నేర్పకయే జరిమానా వేయుట న్యాయము కాదు. అట్లు శిక్షింపబడిన బాలుడు ఇంజను చెడ్డదనియో, తాను మందబుద్ధి అనియో నమ్మి ప్రయోగశాల గడపను మరల త్రొక్కడు. కాలిన తీగకు బదులు మరియొక తీగను కొనవచ్చును. ఆ బాలుని ఉత్సాహమును ఏ అంగడిలోను కొనలేము.