వినదగిన నేరకథలు

ప్రొద్దుటూరు బస్టాండులో పొద్దున్నే బస్సెక్కి కూర్చుంటే జమ్మలమడుగు చేరేలోగా ఒక హత్య జరిగిపోతుంది. అక్కడ బస్సు మారి ముద్దనూరు దాటేసరికి అనుమానితులు ముగ్గురు తేలుతారు. పులివెందులలో దిగే వేళకు పోలీసులు తప్పుడు మనిషిని పట్టుకుని వుంటారు. చదువరులు కంగారు పడవద్దు. ఇదంతా జరిగేది నా చెవుల్లో. పక్క సీట్లవాళ్ళు చీనీకాయల ధర గురించీ, కూతురి పెళ్ళి గురించీ మాట్లాడుకుంటూ, తెలుగు పంతులు దేవుడి పాటలు వింటున్నాడు కాబోలని గౌరవంగా కాస్త జరిగి చోటిస్తారు.

నా కాపురం ప్రొద్దుటూరు, కొలువు పులివెందుల, అత్తవారిల్లు జమ్మలమడుగు. దగ్గరి దారి వేరే వున్నా, మా ఇంటావిడ పుట్టింటికి పంపే గిన్నెలూ, అక్కణ్ణించి తిరిగి వచ్చే గిన్నెలూ నా ప్రయాణాన్ని వారానికి రెండుసార్లయినా చుట్టు తిప్పుతాయి. ఆ చుట్టుదారి పుణ్యమా అని నాకీ పాడ్‌కాస్టుల పిచ్చి పట్టుకుంది.

పాడ్‌కాస్టు అంటే ఏమిటని అడిగే పెద్దలకు ఒక మాట. రేడియో కార్యక్రమం వంటిదే. కాకపోతే దానికి వేళాపాళా లేదు. ఫోనులో పెట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు వినవచ్చు, నిద్ర వస్తే ఆపవచ్చు. వాటిలో ఎక్కువమందిని పట్టి కూర్చోబెట్టేవి నేరకథలు. కల్పితాలు కావు, నిజంగా జరిగినవి. ఈ పత్రికలో సీరియల్ కోసం మీరు వారంవారం కాచుకుంటారే, సరిగ్గా ఆ కిటుకుతోనే అవీ నడుస్తాయి. 2014లో ఈ సంరంభానికంతటికీ శ్రీకారం చుట్టిన అమెరికా కార్యక్రమం పేరే ‘సీరియల్’.

నాకు నేరకథ కొత్త కాదు. మా నాయన పెట్టెలో అట్టలు చిరిగిన కొమ్మూరి సాంబశివరావు నవలలుండేవి. డిటెక్టివ్ యుగంధర్ వెంట తిరిగి తిరిగి, లెక్కల పరీక్షలో నేను తప్పడం వెనుక ఎవరి కుట్ర వున్నదా అని కూడా పరిశోధించాను. మా సీమకైతే నేరకథ అసలే కొత్త కాదు. సినిమావాళ్ళు మా వూళ్ళ పేర్లు చెప్పి ఎన్ని సుమోలను గాలిలోకి లేపారో లెక్కలేదు. వాళ్ళ పుణ్యాన, ‘మాది కడప జిల్లా’ అంటే చాలు, హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చేవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

‘కొత్తవేమున్నాయి సార్, ఏది వినమంటారు?’ అని కాలేజీ పిల్లలూ, తోటి లెక్చరర్లూ తరచు అడుగుతున్నారు. అందుకని ఈ వారం నేను విన్నవాటిలో మంచివి నాలుగు చెబుతాను. ఇంగ్లీషువే ఎక్కువ. ఎం.ఏ. తెలుగువాడిని నాకే అర్థమైనాయంటే మీకు కష్టమేమీ కాదు.

మొదట ‘సీరియల్’ సంగతే. 1999లో బాల్టిమోర్ నగరంలో హే మిన్ లీ అనే కొరియా సంతతి విద్యార్థిని హత్యకు గురైంది. ఆమెతో అంతకుముందు స్నేహంగా వున్న అద్నాన్ సయ్యద్ అనే కుర్రవాడికి యావజ్జీవం పడింది. పదిహేనేళ్ళ తర్వాత సారా కోనిగ్ అనే విలేఖరి ఆ కేసు తవ్వింది. ‘వీడు చేశాడా, చేయలేదా’ అని లోకమంతా వాదులాడింది. 2022లో తీర్పు రద్దయి అతను బయటికి వచ్చాడు. 2023లో పై కోర్టు ఆ తీర్పును మళ్ళీ నిలబెట్టింది. కారణం వినదగినది: రద్దు చేసే విచారణకు హతురాలి కుటుంబానికి సరైన వ్యవధితో కబురు పెట్టలేదట! చివరికి 2025 మార్చిలో శిక్షను అనుభవించిన కాలానికి తగ్గించారు. దోషి అన్న తీర్పు మాత్రం అలాగే వుంది. కథనం అద్భుతం. కాని లక్షలమంది ఒక కుర్రవాడి గురించి వాదించుకుంటుంటే, చనిపోయిన పిల్ల తరఫువాళ్ళకు సరైన వ్యవధితో కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇది మనసులో పెట్టుకుని వినండి.

రెండవది ఆస్ట్రేలియాది, ‘ది టీచర్స్ పెట్’. 1982 జనవరిలో సిడ్నీలో ఇద్దరు బిడ్డల తల్లి లినెట్ డాసన్ మాయమైంది. భర్త బడిపంతులు. ఆమే ఇల్లు విడిచి వెళ్ళిపోయిందన్నాడు. హెడ్లీ థామస్ అనే విలేఖరి 2018లో ఈ కథ వినిపించాడు. 2022లో భర్తకు శిక్ష పడింది. అయితే 2019లో దీన్ని ఆస్ట్రేలియాలో వినిపించకుండా ఆపవలసి వచ్చింది. జూరీవాళ్ళు కోర్టుకు రాకముందే తీర్పు మనసులో పెట్టుకుని వస్తారన్న భయం. చివరికి జూరీ లేకుండా న్యాయమూర్తి ఒక్కరే విచారించారు. నిజం బయటపెట్టే నోరే నిజానికి అడ్డం కూడా పడగలదని ఇది వింటే బోధపడుతుంది.

మూడవది కొత్తది, 2024లో వచ్చిన ‘కిల్ లిస్ట్’. ఇంటర్నెట్టు చీకటిసందుల్లో ఒక అంగడి. డబ్బు కడితే మనుషుల్ని చంపిస్తామంటుంది. అంగడి దొంగది, డబ్బు మింగడమే తప్ప చంపేవాడెవడూ లేడు. కాని డబ్బు కట్టినవాళ్ళు మాత్రం నిజం మనుషులు! భార్యను చంపమని భర్త, భర్తను చంపమని భార్య. ఆ జాబితా చేతికి చిక్కిన విలేఖరి కార్ల్ మిల్లర్, ‘అమ్మా, మిమ్మల్ని చంపమని ఎవరో డబ్బు కట్టారు’ అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతాడు. హత్య జరిగిన తర్వాత కాక, జరగకుండా ఆపడానికి పరుగెత్తే కథ ఇది. అందుకే నాకు నచ్చింది.

మన దేశంలోవి కావాలంటే, ‘ట్రయల్ బై ఎరర్’ అనేది ఆరుషి కేసు గురించి. 2008లో నోయిడాలో జరిగిన ఆ హత్యలో తల్లిదండ్రులకు 2013లో యావజ్జీవం పడింది. 2017లో అలహాబాదు హైకోర్టు వాళ్ళను విడిచిపెట్టింది. ఆ మధ్యకాలంలో టీవీలవాళ్ళు ఎన్ని తీర్పులిచ్చారో గుర్తున్నవారికి ఇది మంచి మందు.

పేరు చెప్పనుగాని, విని సగంలో ఆపేసింది కూడా ఒకటి వుంది. చనిపోయే అమ్మాయి అరుపును ఎవరిచేతనో నటింపజేసి, ఆ అరుపు ఆరకముందే తలనూనె ప్రకటన వేశారు. ఆ తర్వాత రెండు రోజులు నేను తల దువ్వుకోలేదు.

ఇలా క్లాసులో ఒకనాడు చెబుతూ వుంటే, చివరి బెంచీ కుర్రవాడు లేచాడు. ‘సార్, మన పులివెందుల కేసు మీద ఏమన్నా వుంటే చెప్పండి సార్’ అన్నాడు. క్లాసంతా ఒక్కసారిగా చప్పబడింది. నవ్వేవాళ్ళు కూడా నవ్వలేదు.

ఏ కేసో చెప్పనక్కరలేదు. 2019 మార్చి 15న మాజీ మంత్రి, మాజీ ఎంపీ వై.ఎస్. వివేకానందరెడ్డి గారు పులివెందులలో సొంత ఇంట్లో విగతజీవులై కనిపించారు. పొద్దున గుండెపోటన్నారు, సాయంత్రానికి హత్య అని తేలింది. 2020 మార్చిలో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. కుటుంబసభ్యుల విన్నపం మీద సుప్రీంకోర్టు 2022 నవంబరులో విచారణను హైదరాబాదుకు మార్చింది. ఇంతవరకు రికార్డు. ఇక ఆపైన ప్రతి టీకొట్టూ ఒక పాడ్‌కాస్టే. ఆ టీకొట్టులో జడ్జి వున్నాడు, ప్లీడరు వున్నాడు, సాక్షి వున్నాడు, అందరికీ అన్నీ తెలుసు. అపరిచితుడు లోపలికి వస్తే మాత్రం ‘వానలు యాడ పడినాయప్పా?’ అని మాట మారుస్తారు.

‘తీర్పు కోర్టు చెబుతుంది నాయనా. అంతదాకా ఎవరి వేలు ఎటు చూపినా నేను వినను, మిమ్మల్ని వినమనను’ అన్నాను. కుర్రవాడు కూర్చున్నాడుగాని, ‘మరి అమెరికావాళ్ళ కేసులయితే వింటారే’ అన్నట్టు ఒక చూపు చూశాడు. ఆ చూపుకు నా దగ్గర జవాబు లేకపోయింది. దూరపు హత్య కాలక్షేపం, దగ్గరి హత్య భయం — అంతేనా నా తీరు?

ఆ ప్రశ్నతోనే మర్నాడు బస్సెక్కాను. చెవిలో నాలుగవది, అన్నిటిలోకీ గొప్పది: ‘ఇన్ ది డార్క్’ రెండవ భాగం, 2018లో వచ్చింది. 1996లో మిసిసిపీ రాష్ట్రంలో వినోనా అనే చిన్న వూళ్ళో, ఫర్నిచర్ అంగట్లో నలుగురిని కాల్చి చంపారు. కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుణ్ణి పట్టుకున్నారు. ఒకే నేరానికి ఒకే ప్రాసిక్యూటరు అతణ్ణి ఆరుసార్లు విచారణకు నిలబెట్టాడు! మాడలీన్ బారన్ అనే విలేఖరి, ఆమె బృందం అక్కడే నెలల తరబడి మకాం వేసి, గడప గడపా తొక్కి, సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే గీకి చూశారు. ‘నాతో నేరం ఒప్పుకున్నాడు’ అని చెప్పిన జైలు సాక్షి, అది అబద్ధమని వాళ్ళతోనే అన్నాడు. జూరీ ఎంపికలో నల్లవాళ్ళను కావాలని తప్పించారని 2019లో అమెరికా సుప్రీంకోర్టు శిక్షను కొట్టివేసింది. 2020లో కేసే ఎత్తేశారు. అప్పటికి అతను జైల్లో గడిపింది ఇంచుమించు 23 ఏళ్ళు.

ముద్దనూరులో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. కాసేపు నన్నే చూసి, ‘ఏం పాటలు నాయనా, అంత మొగం ముడుసుకోని ఇంటాండావు?’ అంది.

‘పాటలు కాదవ్వా, కేసు. అమెరికాలో జరిగింది’ అని కథంతా చెప్పాను. శ్రద్ధగా వింది.

‘ఆ పిల్లోనికి అమ్మ వుండాదా?’

‘వుండేదవ్వా. కొడుకు బయటికి రాకముందు సంవత్సరమే పోయింది.’

అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ‘మల్ల ఆ సచ్చిపోయిన నలుగురు ఎవురు? వాండ్ల పేర్లేంది?’

నేను తెల్లమొహం వేశాను. గంటల తరబడి విన్నాను. ప్రాసిక్యూటరు పేరు తెలుసు, అబద్ధపు సాక్షి పేరు తెలుసు. చనిపోయిన నలుగురి పేర్లలో ఒక్కటీ నోటికి రాలేదు.

‘మా ఇంటాయన్ను గూడ సంపినార్లే’ అంది అవ్వ, వానపడిందన్నంత మామూలుగా. ‘ముప్పై ఏండ్లయింది. కేసు కొట్టేసినారు. ఇప్పుటికీ వూర్లో ఫలానా కేసు, ఫలానా కేసు అంటారు గానీ, ఆయప్ప పేరు ఎవురూ ఎత్తరు. ఎద్దును ఒక దెబ్బ కొట్టి ఎరగడు నాయనా. నాగలి పట్టుకోని దాంతో మాట్లాడుకుంట దున్నేటోడు.’

నేను చెవిలో తీగెలు తీసి జేబులో పెట్టుకున్నాను. పులివెందుల దాకా ఆయన సంగతులే విన్నాను. ఎవరు చంపారో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనకు ఏ కూర ఇష్టమో, ఏ ఎద్దు పేరేమిటో చెప్పింది. దిగేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పింది. అది ఈ పత్రికలో వేయడానికి చెప్పింది కాదు కనుక నా దగ్గరే వుంచుకుంటాను.

ఇంటికి వచ్చి, వినోనాలో పోయిన ఆ నలుగురి పేర్లు వెతికి రాసుకున్నాను. బెర్తా టార్డీ, కార్మెన్ రిగ్బీ, రాబర్ట్ గోల్డెన్, డెరిక్ స్టూవర్ట్. చివరివాడికి 16 ఏళ్ళు. మా ఇంటర్ పిల్లల ఈడువాడు.

కనుక చదువరులకు మనవి. పై నాలుగూ వినండి. ‘ఇన్ ది డార్క్’ తప్పక వినండి. దాని మూడవ భాగం 2024లో వచ్చింది. 2005లో ఇరాక్‌లోని హదీతాలో అమెరికా సైనికులు 24 మంది పౌరులను చంపిన సంగతి అది. 2025లో దానికి పులిట్జర్ బహుమానం కూడా దక్కింది. కాని విన్నాక ఒక్క పరీక్ష పెట్టుకోండి. హంతకుడెవరో మీకు తెలిసివుంటుంది; హతుడెవరో తెలిసిందా? తెలియకపోతే తప్పు కథ చెప్పినవాడిదో, నాలాగా విన్నవాడిదో చూసుకోండి.

చివరి బెంచీ కుర్రవాడికి కూడా జవాబు దొరికింది. మన కేసు గురించి వినడానికి ఎవరూ తీర్పు చెప్పనక్కరలేదు. పోయిన మనిషి ఎలా బతికాడో చెప్పేవాళ్ళుంటే చాలు, తప్పకుండా విందాం. మర్నాడు క్లాసులో ఈ మాట చెప్పాను. గంట కొట్టాక వాడు నా వెనకాలే వరండాలోకి వచ్చి, ‘సార్, మా జేజినాయనను గూడ…’ అని ఆగిపోయాడు.

‘చెప్పు నాయనా’ అన్నాను. ఆ పూట జమ్మలమడుగు బస్సు తప్పిపోయింది. గిన్నెలు మర్నాడు చేరాయి.