గోడమీది వీరులు

నూజివీడులో మామిడికాయల బళ్ళు బారులు తీరే రోజులవి. ఓ మనిషి గోడకి మైదా జిగురు పూసి, ఒక్కో ముక్కా అతికిస్తున్నాడు. ముందు పాదాలు, తర్వాత విల్లు, చివరికి కాషాయం కట్టిన అల్లూరి సీతారామరాజు! 1974 మే 1న విడుదలైన ఆ బొమ్మ తెలుగులో మొదటి సినిమాస్కోప్, కృష్ణకి నూరో చిత్రం. చూడకముందే మా పిల్లలందరికీ ఒళ్ళు పులకరించింది.

వాల్‌పోస్టర్లని "చవకబారు రంగులు" అని తీసిపారేసే పెద్దలున్నారు. నేనొప్పుకోను. టిక్కెట్టు డబ్బుల్లేని పాలేరు కుర్రాడికి అదే చిత్రశాల. పాలకొల్లు ఈశ్వర్ గారు 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి వందలాది సినిమాలకి పోస్టర్లు వేశారు. 2021లో కన్నుమూశారు. హీరోల పేర్లు గడగడా చెప్పే మనలో ఆయన పేరెందరికి తెలుసు?

అలాగని కళ్ళు మూసుకుని మెచ్చుకోనక్కర్లేదు. దేశభక్తి పోస్టర్లో వీరుడు తాడిచెట్టంత, వెంట నడిచిన జనం చీమలంత. 1922లో చింతపల్లి ఠాణా మీద పడింది రాజు ఒక్కడేనా? గాం గంటందొర, మల్లుదొర, పేరు మిగలని మన్యం మనుషులు లేరూ? మిలట్రీ సినిమా అయినా అంతే. తుపాకీ గోడంతా ఉంటుంది. ఎదురుచూసే తల్లి ఓ మూల ఉంటుంది.

ఇప్పుడు గోడలు ఫ్లెక్సీల పాలయ్యాయి. పాత పోస్టర్లు చెదలకి పోతున్నాయి. మిత్రులారా, మన కాలేజీ లైబ్రరీలో వాటికో బీరువా ఇప్పించమని యూనియన్‌ని కోరుతున్నాను. మా ఇళ్ళల్లో మిగిలినవి పాత విద్యార్థులం తెచ్చిస్తాం. బొమ్మని దాచుకుందాం. బొమ్మలో చోటు దొరకనివాళ్ళనీ గుర్తుంచుకుందాం.